కేసు గెలిచినం సరే, లాభం ఎవరికైంది? డెరిక్ బెల్ అడిగిన ప్రశ్న

1960లల్ల అమెరికా దక్షిణ రాష్ట్రాల్ల నల్లజాతి పిల్లలకు ఒక బడి, తెల్లజాతి పిల్లలకు ఇంకో బడి ఉండె. అందరు ఒక్క బడిల సదవాలె అని కోర్టుకెక్కిన కేసులు 300కు పైగ ఒక్క వకీలు చేతి మీదుగ నడిచినయి. ఆయన పేరు డెరిక్ బెల్. గెలిచిన కేసుల పేరు చెప్పుకుంట జిందగీ అంత సభలల్ల దండలు ఏయించుకునేటోళ్లు మనకు మస్తుమంది తెల్సు. బెల్ ఆ తొవ్వల పోలే. పదేండ్లు గడిచినంక ఎనుకకు మర్లి, తన కేసులనే ముందల పెట్టుకొని ఒక ప్రశ్న అడిగిండు: కేసు గెలిచినం సరే, లాభం ఎవరికైంది?

ఈ ప్రశ్న అమెరికాల లా సదువును కుదిపేసింది. 2021 నుంచి అక్కడ చానా రాష్ట్రాలు 'క్రిటికల్ రేస్ థియరీ'ని బడుల్ల చెప్పొద్దని చట్టాలు తెస్తున్నయి. ఆ థియరీకి పునాది రాయి ఏసినోళ్లల్ల మొదటి పేరు బెల్‌దే. ఆయన ఎవరు, ఏం చెప్పిండు, జాతి వివక్షకు పేదరికానికి ముడి ఎక్కడ ఉన్నదన్నడు.. ఒక్కొక్కటి చూద్దాం.

నౌకరి వద్దన్నడు, సంఘం వదల్లే

బెల్ 1930 నవంబర్ 6న పెన్సిల్వేనియా రాష్ట్రం పిట్స్‌బర్గ్ పట్నంల పుట్టిండు. వాళ్లింట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయననే. ఎయిర్‌ఫోర్స్‌ల చేరి కొరియా దాక పోయొచ్చిండు. 1957ల పిట్స్‌బర్గ్ యూనివర్సిటీల లా పూర్తి చేసిండు. కేంద్ర న్యాయశాఖల, అది గూడ పౌరహక్కుల విభాగంల, నౌకరి దొరికింది.

అయితె బెల్‌కు ఎన్‌ఏఏసీపీల సభ్యత్వం ఉండె. నల్లజాతి హక్కుల కోసం 1909ల పుట్టిన పెద్ద సంఘమది. ఆ సభ్యత్వం ఉంటె పనిల పక్షపాతం వస్తదని, దాన్ని వదులుకొమ్మని పై అధికారులు చెప్పిండ్రు. బెల్ సంఘాన్ని ఉంచుకొని నౌకరికి రాజీనామా పెట్టిండు. అది 1959. జిందగీల ఇట్ల కుర్చీ వదులుకునుడు ఆయనకు ఇదే మొదటిసారి, ఆఖరిసారి మాత్రం కాదు.

1960ల ఆయనను థర్‌గుడ్ మార్షల్ పిలిచి ఎన్‌ఏఏసీపీ న్యాయ విభాగంల చేర్చుకుండు. మార్షల్ అంటె బ్రౌన్ కేసు వాదించిన వకీలు. తర్వాత 1967ల సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి జడ్జి అయింది గూడ ఆయననే.

బ్రౌన్ కేసు గురించి జెర తెల్సుకోవాలె. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు జడ్జిలు 9 మంది ఒక్క మాట మీద తీర్పు ఇచ్చిండ్రు. జాతిని బట్టి బడులు వేరుచేసుడు రాజ్యాంగానికి విరుద్ధం అన్నరు. నల్లజాతోళ్లు సంబురం చేసుకుండ్రు. కానీ మరుసటి ఏడు, 1955ల, అమలు ఎట్ల చెయ్యాలె అన్నకాడ కోర్టు గడువు పెట్టలే. ఆలోచించి, కుదిరినంత తొందరగ చెయ్యుండ్రి అన్నట్టు వదిలేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలే అన్నట్టయింది కథ. అంతర్యుద్ధంల బానిసత్వం దిక్కు నిలబడ్డ 11 దక్షిణ రాష్ట్రాల్ల, 1963-64 సదువు సంవత్సరంల గూడ, తెల్లజాతి పిల్లలతోని కలిసి సదివే నల్లజాతి పిల్లలు నూటికి ఇద్దరు గూడ లేరు. ఆ పూజారులతోని కొట్లాడుడే బెల్ పని.

హార్మొని ఊరోళ్లు అడిగింది ఒకటి, వకీలు ఇచ్చింది ఇంకొకటి

మిసిసిపి రాష్ట్రం లీక్ కౌంటీల హార్మొని అని ఒక పల్లె. సొంత భూములున్న నల్లజాతి రైతుల ఊరు. రోజెన్‌వాల్డ్ ఫండ్ సాయం తీసుకొని, ఊరోళ్లే చెమటోడ్చి కట్టుకున్న బడి అక్కడ ఉండె. ఆ బడిని మూసేస్తమన్నది స్కూల్ బోర్డు. విన్సన్ హడ్సన్, డోవీ హడ్సన్ అని అక్కచెల్లెండ్లు ఊరి ముందల నిలబడి కొట్లాడిండ్రు. మా బడిని మాకు కాపాడుండ్రి అని బెల్ దగ్గరికి వచ్చిండ్రు.

బెల్ ఏం చెప్పిండంటె, వేరు బడిని నిలబెట్టుమనే కేసు మా సంస్థ పట్టదు, కలిసి సదివే హక్కు కావాలంటె మీ దిక్కు నిలబడతం అని. ఊరోళ్లు ఒప్పుకుండ్రు. 1963ల కేసు పడ్డది. సంతకం పెట్టినోళ్లకు బెదిరింపులు మొదలైనయి. 1964ల కోర్టు హుకుం మీద తెల్లజాతి బడి తలుపు తెరుచుకున్నది. ఆ రోజు ఆ గడప దాటింది ఒక్కగానొక్క చిన్న పిల్ల, ఒకటో తరగతి పిల్ల. మిగిలిన తల్లిదండ్రులకు పని పోతదన్న బుగులు, పానం పోతదన్న బుగులు.

కాగితం మీద ఇది గెలుపే. దేశం మొత్తం మీద ఇసొంటి గెలుపులు వచ్చినకాడ ఏమైందో గూడ బెల్ చూసిండు. రెండు బడులు ఒకటి జేసినప్పుడు మూతబడ్డది ఎక్కువ నల్లజాతి బడే. పిల్లల పేర్లు, వాళ్ల అమ్మానాయినల పేర్లు ఎరికున్న నల్లజాతి టీచర్లు, హెడ్‌మాస్టర్లు వేలమంది నౌకర్లు పోగొట్టుకుండ్రు. హార్మొని అక్కచెల్లెండ్లకు తాను ఇచ్చిన సలహా సరైందేనా అన్న సందేహం బెల్‌ను ముసలితనం దాక వదల్లే. 2004ల రాసిన 'సైలెంట్ కవనెంట్స్' పుస్తకంల గూడ ఆ ముచ్చటనే మల్ల తీసిండు.

ఇద్దరు యజమానుల దగ్గర కొలువు

1969ల బెల్ హార్వర్డ్ లా స్కూల్‌ల పంతులుగ చేరిండు. 1971ల అక్కడ పర్మినెంట్ ప్రొఫెసర్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. చెప్పేటందుకు పుస్తకం లేకపాయె, తనే రాసిండు. 1973ల వచ్చిన 'రేస్, రేసిజం అండ్ అమెరికన్ లా' లా కాలేజీలల్ల పాఠ్యపుస్తకం అయింది.

1976ల యేల్ లా జర్నల్‌ల ఒక పెద్ద వ్యాసం రాసిండు. అందుల చెప్పింది సూటిగ గిది: హక్కుల వకీళ్లకు ఇద్దరు యజమానులు. ఒకరు కేసు ఏసిన పేద తల్లిదండ్రులు. ఇంకొకరు సంస్థ సిద్ధాంతం, దానికి చందాలిచ్చే దాతలు. తల్లిదండ్రులు మంచి సదువు అడుగుతున్నరు. వకీళ్లు పిల్లలను కలుపుడే లక్ష్యం అంటున్నరు. బోస్టన్‌ల నల్లజాతి సంఘాలు కోర్టుకు మొరపెట్టుకున్నది గూడ మంచి సదువు కోసమే. ఈ రెండు వేరైనప్పుడు వకీలు ఎవరి మాట ఇనాలె?

ఈ మాట రాసింది అవతలి పార్టీ వకీలు కాదు. 300 కేసులు నడిపిన మనిషి. సొంత దోస్తులకే కోపం వచ్చింది. అయినా బెల్ ఎనుకకు పోలే.

లాభం కలిస్తేనే న్యాయం కదుల్తదా?

1980ల హార్వర్డ్ లా రివ్యూల వచ్చిన వ్యాసం బెల్ పేరును నిలబెట్టింది. దాంట్ల ఆయన చెప్పిన సూత్రాన్ని మన మాటల్ల 'లాభాల కలయిక' అనుకోవచ్చు. నల్లజాతోళ్లకు న్యాయం ఎప్పుడు దొరుకుతదంటె, ఆ న్యాయం వల్ల అధికారంల ఉన్న తెల్లజాతోళ్లకు గూడ ఫాయిదా ఉన్నప్పుడు. ఆ ఫాయిదా తీరినంక దారి మూసుకుపోతది. ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు.

బ్రౌన్ తీర్పునే తీసుకోండ్రి. వేరు బడులు అన్యాయమని నల్లజాతోళ్లు అంతకుముందు ఎన్నో ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు. మరి 1954లనే ఎందుకు వచ్చింది? బెల్ మూడు కారణాలు చెప్పిండు. ఒకటి, అప్పుడు సోవియట్ రష్యాతోని కోల్డ్ వార్ నడుస్తున్నది. ఆసియా, ఆఫ్రికా దేశాల ముందల అమెరికా ప్రజాస్వామ్యం గురించి గొప్పలు చెప్తుంటె, సొంతింట్ల ఈ వివక్ష పరువు తీస్తున్నది. రెండు, రెండో ప్రపంచ యుద్ధంల హిట్లర్ మీద కొట్లాడి వచ్చిన నల్లజాతి సిపాయిలు మునుపటి లెక్క తలవంచుకొని ఉండేటట్టు లేరు. మూడు, దక్షిణాదిల ఫ్యాక్టరీలు రావాలంటె ఈ వేరు పద్ధతి అడ్డమని పెట్టుబడిదారులు గుర్తించిండ్రు.

అప్పట్ల చానామంది ఇదంత ఊహ అని కొట్టిపారేసిండ్రు. 1988ల మేరీ డడ్జియాక్ అనే చరిత్రకారిణి సర్కారు పాత ఫైళ్లు తవ్వి తీసింది. 1952 డిసెంబర్ల న్యాయశాఖ సుప్రీంకోర్టుకు ఇచ్చిన కాగితాల్ల, జాతి వివక్ష వల్ల విదేశాంగ విధానానికి నష్టమైతున్నదని విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ మాటలతోని సహా రాసి ఉన్నది. తీర్పు వచ్చిన గంటల్నే 'వాయిస్ ఆఫ్ అమెరికా' రేడియో దాన్ని బయటి దేశాలకు చాటింది. బెల్ చెప్పిన దాంట్ల పస ఉన్నదని తేలింది.

ఖర్చు ఎవరి మీద పడ్డది?

ఇక్కడనే జాతి ముచ్చట వర్గం ముచ్చటతోని ముడిపడ్తది.

టెక్సాస్ రాష్ట్రం సాన్ ఆంటోనియోల ఎడ్జ్‌వుడ్ అనే పేద బస్తీ ఉన్నది. అక్కడ ఎక్కువ మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు. ఇంకో దిక్కు అలమో హైట్స్ అనే ఉన్నోళ్ల పేట. అమెరికాల బడి ఖర్చు చాన వరకు ఆ ఏరియా ఇండ్ల పన్ను మీద నడుస్తది. 1967-68ల ఎడ్జ్‌వుడ్‌ల ఒక్క పిల్లగాని మీద పెట్టింది 356 డాలర్లు. అలమో హైట్స్‌ల 594 డాలర్లు. పన్ను శాతం పేదోళ్ల దగ్గరనే ఎక్కువ ఉండె! ఎక్కువ శాతం కట్టినా పైసలు తక్కువ. ఎందుకంటె వాళ్ల ఇండ్లకు విలువ తక్కువ. తల్లిదండ్రులు కేసు ఏసిండ్రు. 1973ల సుప్రీంకోర్టు 5-4 తోని కొట్టేసింది. సదువు రాజ్యాంగం రాసిచ్చిన ప్రాథమిక హక్కు కాదు, పేదరికాన్ని జాతి లెక్క చూడలేం అన్నది. జాతి పేరు చెప్తె తలుపు తీసిన కోర్టు, పేదరికం పేరు చెప్తె తలుపు ఏసుకుంది.

మరుసటి ఏడు డెట్రాయిట్ కేసు. పట్నంల నల్లజాతోళ్లు, చుట్టు శివార్లల్ల తెల్లజాతోళ్లు. పట్నం ఒక్కటే కలిపితె కలిపేటందుకు తెల్లజాతి పిల్లలే సరిపోరు. కింది కోర్టు శివార్లను గూడ కలపమన్నది. 1974ల సుప్రీంకోర్టు మల్ల 5-4 తోని ఆపేసింది. ఈ రెండు తీర్పులతోని గూడ తాను ఏకీభవించలేనని థర్‌గుడ్ మార్షల్ వేరే రాసిండు.

అదే 1974 సెప్టెంబర్ల బోస్టన్ చూడుండ్రి. పిల్లలను బస్సులల్ల ఎక్కించి బడులు కలిపే పని మొదలైంది. సౌత్ బోస్టన్‌ల ఐరిష్ మూలాలున్న పేద తెల్లజాతోళ్లు, రాక్స్‌బరీల పేద నల్లజాతోళ్లు. బస్సుల మీద రాళ్లు పడ్డయి. శివార్లల్ల ఉన్నోళ్ల బడులకు ఈ సెగ తాకనే తాకలే. పేదోళ్ల పిల్లలను పేదోళ్ల బడికి పంపిండ్రు, రెండు దిక్కుల పేదోళ్లు ఒకల మీద ఒకలు పడ్డరు.

బెల్ అనేది ఏందంటె, పేద తెల్లజాతోనికి జీతం పెరగలే, ఇల్లు రాలే, పిల్లగానికి మంచి బడి రాలే. ఆయనకు దొరికింది ఒక్కటే, 'నేను నల్లోని కంటె మీద ఉన్న' అనే తృప్తి. ఆ తృప్తి ఉన్నన్ని రోజులు మీదున్నోని దిక్కు తల ఎత్తి చూడడు. 1992ల వచ్చిన ఆయన పుస్తకం పేరు 'ఫేసెస్ ఎట్ ద బాటమ్ ఆఫ్ ద వెల్', అంటె బాయి అడుగున ఉన్న మొఖాలు. నల్లజాతోళ్లు బాయి అడుగున ఉన్నరు. వాళ్ల కంటె జెరంత పైన ఉన్నోళ్లు కిందికి చూసుకుంట సంబురపడ్తున్నరు. అందరు కలిస్తె బయటికి ఎక్కేటందుకు తాడు అందుతది కదా అన్నది ఆయన బాధ.

మల్ల మల్ల రాజీనామా

1980ల మొదట్ల బెల్ ఒరెగాన్ యూనివర్సిటీ లా స్కూల్‌కు డీన్ అయిండు. ఒక ప్రొఫెసర్ పోస్టుకు లిస్టుల మూడో పేరు ఆసియా మూలాలున్న ఒకామెది. పైన ఉన్న ఇద్దరు రామన్నరు. పద్ధతి ప్రకారం ఆమెకు ఇయ్యాలె. సిబ్బంది ఒప్పుకోలే, మల్ల మొదటి నుంచి వెతుకుదాం అన్నరు. 1985ల బెల్ డీన్ కుర్చీకి దండం పెట్టి బయటికి వచ్చిండు. ఆ అమ్మాయి ఆయన జాతి కాదు. న్యాయం అందరికి ఒక్కటే అన్నదానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలె?

మల్ల హార్వర్డ్. 1990ల అక్కడ పర్మినెంట్ ప్రొఫెసర్లల్ల నల్లజాతి మహిళ ఒక్కామె గూడ లేదు. ఒక్కరినన్న తీసుకునేదాక జీతం లేని సెలవు మీద పోతున్న అని బెల్ ప్రకటించిండు. విద్యార్థులు సభ పెడితె, అప్పుడక్కడ లా సదువుతున్న బరాక్ ఒబామా ఆయనకు మద్దతుగ మాట్లాడిండు. రెండేండ్లు దాటితె సెలవు ఇయ్యమన్నది హార్వర్డ్. బెల్ తిరిగిపోలే. 1992ల కొలువు పోయింది. హార్వర్డ్ లా స్కూల్‌ల మొదటి నల్లజాతి మహిళా ప్రొఫెసర్‌గ లానీ గ్వినియర్ వచ్చింది 1998ల. అప్పటికి బెల్ న్యూయార్క్ యూనివర్సిటీల పాఠాలు చెప్తున్నడు. 2011 అక్టోబర్ 5న సచ్చిపోయేదాక అక్కడనే చెప్పిండు.

ఆయన ఏసిన ఇత్తనాలు మాత్రం మొలిచినయి. ఆయన ఒరెగాన్ పోయినప్పుడు ఆయన చెప్పే సబ్జెక్టును హార్వర్డ్ పక్కకు పెట్టింది. విద్యార్థులే బయటి నుంచి పంతుళ్లను పిలిపించుకొని సొంతంగ క్లాసులు నడుపుకుండ్రు. అందుల ఒకామె కింబర్లీ క్రెన్‌షా. 1989ల 'ఇంటర్‌సెక్షనాలిటీ' అనే మాటను లోకానికి ఇచ్చింది ఆమెనే. ఆమె చూపిన ఉదాహరణ జనరల్ మోటార్స్ కేసు. ఫ్యాక్టరీల నల్లజాతి మగోళ్లకు పని ఉన్నది, ఆఫీసుల తెల్లజాతి ఆడోళ్లకు పని ఉన్నది. నల్లజాతి ఆడోళ్లకే రెండు దిక్కుల దెబ్బ. కోర్టేమో జాతి వివక్ష అను, లేకుంటె ఆడ-మగ వివక్ష అను, రెండు కలిపి చెప్పకు అన్నది. ఒక్క మనిషి మీద రెండు బరువులు పడితె కోర్టు కండ్లకు ఒక్కటి గూడ కనవడలే.

మనోళ్లకు ఈ కథల భాగం లేదా?

ఉన్నది. 1923ల భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసుల అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లజాతి కిందికి రారు, పౌరసత్వం ఇయ్యం అన్నది. 1946ల చట్టం మార్చి ఏడాదికి 100 మందిని రానిచ్చిండ్రు. దేశాన్ని బట్టి కోటా పెట్టే పాత పద్ధతి 1965ల పోయింది. అది నల్లజాతోళ్ల పౌరహక్కుల కొట్లాట ఉరుకుతున్న కాలం. డాక్టర్లు, ఇంజినీర్లు కావాలె అన్న అమెరికా అవసరం గూడ దాంట్ల కలిసింది. ఇది గూడ లాభాల కలయికనే. ఇయ్యాల డాలస్‌ల, న్యూజెర్సీల తెలుగోళ్ల కాలనీలు కనవడ్తున్నయంటె, ఆ తలుపును నూకినోళ్లల్ల మిసిసిపి పల్లెల దెబ్బలు తిన్న నల్లజాతోళ్లు గూడ ఉన్నరు. అక్కడికి పోవాలని వీసా కోసం లైన్ల నిలబడ్డ తమ్ముండ్లు, చెల్లెండ్లు ఇది యాది పెట్టుకోవాలె. నల్లజాతోళ్లను చిన్నచూపు చూసుడంటె మనం ఎక్కొచ్చిన నిచ్చెనను మనమే తన్నుడు.

సూత్రం ఇప్పటికి పనిచేస్తదా?

2003ల కాలేజీ సీట్ల కాడ జాతిని లెక్కలకు తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. అప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు, రిటైర్డ్ మిలిటరీ అధికారులు అవునని కోర్టుకు రాసిచ్చిండ్రు. 2023ల అదే సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసుల ఆ పద్ధతిని ఎత్తేసింది. కానీ మిలిటరీ అకాడమీల సంగతి ఇప్పుడు తేల్చం అని ఒక ఫుట్‌నోట్‌ల పక్కకు పెట్టింది. మామూలు కాలేజీకి ఒక న్యాయం, మిలిటరీకి అప్పటికి మినహాయింపు. బెల్ బతికుంటె నవ్వుకునేటోడు.

బెల్ మాట అందరు ఒప్పుకున్నరని కాదు. ఆయనది మరీ నిరాశ అన్నోళ్లు ఉన్నరు. 2011ల జస్టిన్ డ్రైవర్ అనే లా ప్రొఫెసర్, అంతా పైనోళ్ల లాభం ఖాతల ఏస్తె రోడ్డెక్కిన జనం కష్టం ఏమైనట్టు అని అడిగిండు. ఈ విమర్శల న్యాయం ఉన్నది. పైనోళ్లకు లాభం కనవడాలంటె ఎవరో ఒకరు నష్టం చూపియ్యాలె. బస్సులు ఎక్కమని జనం భీష్మించుకోవాలె, జైళ్లు నిండాలె. లాభాల కలయిక ఆకాశంల నుంచి ఊడిపడదు, దాన్ని తెచ్చేది కొట్లాటనే. నా మటుకు నేను బెల్ సూత్రాన్ని గట్లనే అర్థం చేసుకుంట.

బెల్ గూడ కొట్లాట దండుగ అని ఎన్నడు అనలే. జాతి వివక్ష అమెరికాల ఎప్పటికి పోదు అని 1992ల రాసిన మనిషే, దాని మీద ఆఖరి దాక కొట్లాడిండు. ఇదెట్ల కుదురుతది? దానికి జవాబు ఆయనకు హార్మొని ఊర్లనే దొరికింది. 1964ల బయోనా మెక్‌డొనాల్డ్ అనే పెద్దమనిషిని, ఇన్ని బెదిరింపుల నడుమ ఎట్ల నిలబడ్తున్నవమ్మా అని అడిగిండట. గెలుస్తమని గానీ, పరిస్థితి బాగైతదని గానీ ఆమె చెప్పలే. ఆ తెల్లదొరలకు కంటి మీద కునుకు లేకుండ చేసుడే నా బతుకు అన్నట్టు మాట్లాడింది. ఆమె చేతిల తుపాకి లేదు, పైసలు లేవు. భయపడను అన్న ఒక్క పట్టుదల ఉన్నది, అదే ఆమె గెలుపు అని బెల్ తర్వాత రాసుకుండు.

ఫోన్‌ల కొత్త చట్టం వచ్చిందనో, చరిత్రాత్మక తీర్పు వచ్చిందనో వార్త చూసి స్టేటస్ పెట్టే ముందు, బెల్ లెక్క మూడు ముచ్చట్లు అడుగుండ్రి. ఇది ఇప్పుడే ఎందుకు వచ్చింది? దీని ఖర్చు ఎవరి మీద పడ్తది? ఎవరి కోసం అని చెప్తున్నరో, వాళ్లను అడిగిండ్రా? జవాబు తీపిగ లేకపోవచ్చు. అయినా అడుగుండ్రి. గెలిచిన కేసును గూడ మల్ల తెరిచి చూసే ధైర్యం ఉన్నోడే, ఆ గెలుపును జారిపోకుండ కాపాడుకుంటడు.